మాట పూర్తయ్యేదాకా

ఎవరి మాటతీరునైనా ఇట్టే పట్టేసి అచ్చం అలాగే మాట్లాడి చూపించడంలో, నా చిన్నప్పుడు, మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. తిరుత్తణి వైపు నుంచి వచ్చే పూలామె సగం అరవం సగం తెలుగు కలిపి బేరం చేసేది, బడిలో అయ్యవారు తుమ్ము ఆపుకుంటూ ఎక్కాలు చెప్పేది, పళ్ళు లేని ముసలివాళ్ళు వక్కాకు నములుతూ కబుర్లాడేది, అన్నీ చేసి చూపించేదాన్ని. నేను మొదలుపెడితే మా నాయన మగ్గం ఆపి మరీ నవ్వేవాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అరవై దాటిన తరువాత కూడా ఆ విద్య సంగతి నోటితో ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను. అందుకే రాస్తున్నాను.

మాది నగరిలో ఒక నేతగాళ్ళ వీధి. పొద్దున్నే లేచేసరికి ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడు. మగవాళ్ళు నేస్తే ఆడవాళ్ళు, పిల్లలం నూలు కండెలు చుట్టేవాళ్ళం. వీధి మొత్తానికీ తాగే నీళ్ళ బావి ఒకటే, పడమటి కొసలో ఉండేది. దాని వెనకాలే సావుకారు ఇంటి దొడ్డి. ఆయన నూలిస్తేనే మా మగ్గాలు ఆడేవి, నేసిన చీరలు ఆయనే కొనేవాడు. అందుకని వీధిలో ఏ విషయం వచ్చినా ఆయన మాటే చివరి మాట. చెడ్డవాడేమీ కాదు. ఎదురు చెప్పేవాళ్ళు లేని మనిషి, అంతే.

ఆ వీధిలో మాట లెక్కలోకి రాని మనిషి కూడా ఒకాయన ఉండేవాడు. ఆయనకు నత్తి. మామూలు నత్తి కాదు. ఒక్కొక్క మాట గొంతులో ఇరుక్కుని, మెడ నరాలు ఉబ్బి, కళ్ళలో నీళ్ళు తిరిగితే గాని బయటికి వచ్చేది కాదు. నూలుకు గంజి పెట్టే పని చేసేవాడు. బావిలో బిందె పడిపోతే దిగి తీసేదీ ఆయనే. ఊపిరి బిగబట్టి అడుగుదాకా మునిగేవాడు. ఆయనకు ఒక పేరుండేది, ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. పెద్దవాళ్ళు నత్తోడనేవాళ్ళు, మేం పిల్లలం కూడా వెనకాల అదే అనేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. బిందెల మామ అని రాస్తాను.

ఆయన మాట మొదలుపెడితే చివరిదాకా ఆగినవాళ్ళను నేను చూడలేదు. రెండక్షరాలు వినగానే మిగతాది వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు. "అ... అ..." అంటే "అన్నమా? ఇంట్లోకి పో, పెడతారు" అనేవాళ్ళు. ఆయన అడగబోయింది అరుగు మీద పెట్టిపోయిన తువ్వాలు అయినా సరే, అన్నం పెట్టేవాళ్ళు. ఆయన కూడా విసిగిపోయి తినేసి పోయేవాడు. ఇది దయ అనుకునేవాళ్ళం మేము.

ఆ ఏడు కార్తీకంలో వానలు పది రోజులు విడవకుండా కురిశాయి. మగ్గం గుంతల్లోకి నీళ్ళొచ్చి నేత ఆగిపోయింది. వాన తెరిపిచ్చిన రోజు ఎవరిదో ఇత్తడి బిందె బావిలో పడింది. బిందెల మామను పిలిచారు. ఆయన మునిగి, ఎప్పటికంటే చాలాసేపు లోపలే ఉండి, బిందెతో పైకొచ్చాడు. వచ్చినవాడు బిందె పక్కన పడేసి, తడి గుడ్డలతోనే గట్టు మీద నిలబడి చెయ్యి బావిలోకి చూపిస్తూ మాట్లాడబోయాడు.

"నీ... నీ... నీ..."

గట్టు చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో ఒకామె "దప్పికేమో పాపం, నీళ్ళియ్యండే" అంది. ఇంకొకామె చెంబు అందించింది. ఆయన ఆ చెంబును ఒక్క తోపు తోశాడు. నీళ్ళన్నీ ఆమె చీర మీద పడ్డాయి. అప్పటిదాకా పాపం అన్నవాళ్ళే తిట్లు లంకించుకున్నారు. ఆయన తల అడ్డంగా ఊపుతూ, రెండు చేతులూ ఆడిస్తూ, మళ్ళీ మళ్ళీ అదే మాట అందుకోబోతున్నాడు. పిల్లలం నవ్వుతున్నాం. అందరికంటే ముందు నిలబడి, అందరికంటే శ్రద్ధగా ఆయన నోటినే చూస్తున్నది నేను.

శ్రద్ధ దేనికంటే, ఇంటికి పోయి చేసి చూపించడానికి. ఒకరిని అనుకరించాలంటే వాళ్ళ మాట చివరిదాకా వినాలి కదా. ఆ వీధిలో ఆ రోజు ఆయన మాట చివరిదాకా విన్నది నేనొక్కదాన్నే. ఆడవాళ్ళు తిట్టుకుంటూ బిందెలెత్తుకుని పోయాక కూడా నేను ఉన్నాను. ఆయన వాళ్ళ వీపుల వైపు చూస్తూ ఆ మాటను ఎట్టకేలకు పూర్తి చేశాడు. ఆ తరువాత గట్టు మీద కూలబడిపోయాడు.

ఇంటికి పరుగెత్తి, నడవలో నిలబడి, మెడ సాచి, కళ్ళు తేలేసి చేసి చూపించాను. "నీ... నీ... నీళ్ళు తా... తా... తాగబాకండి!" మా నాయన పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వుతూనే "తప్పే, అట్ల చెయ్యగూడదు" అంది. నాలుగేళ్ళ మా తమ్ముడు మళ్ళీ చెయ్యమని నా పరికిణీ పట్టుకుని వేలాడాడు. మళ్ళీ చేశాను. నవ్వి నవ్వి వాడికి ఎక్కిళ్ళు వచ్చాయి. ఎక్కిళ్ళు ఆగడానికి కుండలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచి నేనే వాడిచేత తాగించాను.

పక్కింటి అక్కకు ఐదేళ్ళ పాప. సాయంత్రం వాళ్ళింటికీ వెళ్ళి చేసి చూపించాను.

మూడో రోజు ఆ పాపకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. మరుసటి రోజుకు వీధిలో ఆరిళ్ళలో పిల్లలు పడకేశారు. ఐదో రోజు పొద్దున మా తమ్ముడు లేవలేదు. లేపితే తల వాలిపోయింది. మధ్యాహ్నానికి వాడి కళ్ళు గుంతలు పడి, పెదవులు నల్లబడి, చర్మం పట్టి లాగితే లాగినచోటే నిలబడిపోయేలా అయ్యాడు. కాంపౌండరు వచ్చి సూదేసి, ఒంట్లో నీళ్ళు పోతున్నాయి, నీళ్ళు ఆపకుండా తాపుతూ ఉండండని చెప్పిపోయాడు. కాచి తాపమన్నాడో లేదో నాకు తెలియదు. అని ఉన్నా, దప్పిక దప్పిక అని వాడు నాలుక బయటపెట్టి ఏడుస్తుంటే కాచి చల్లార్చేదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? అమ్మ వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. నేను కుండలోంచి ముంచి ఇచ్చాను. తాగినవి తాగినట్టే కక్కేవాడు. మళ్ళీ ముంచేదాన్ని. ఆ రెండు రోజులూ నాకున్న పని అదే. చాలా శ్రద్ధగా చేశాను.

ఏడో రోజు తెల్లవారగానే పక్కింట్లోంచి ఏడుపు వినిపించింది. ఆ పాప పోయింది.

పక్కింటి అక్క గొంతు ఆ పొద్దున ఏడుపులా లేదు. మగ్గం పోగులు ఒక్కసారిగా తెగినప్పుడు ఒక చప్పుడు వస్తుంది. అలాంటిది మనిషి గొంతులోంచి రావడం నేను మళ్ళీ వినలేదు. పాపను తీసుకుపోయిన తరువాత కూడా ఆమె గడపలో కూర్చుని తన చేతులు తనే చూసుకుంటూ ఉంది. మా అమ్మ గోడ ఇవతలి నుంచి అంతా వింటూ తమ్ముడిని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె ముఖంలోకి చూడటానికి నాకు భయమేసింది.

కాసేపటికి మా వాకిట్లోకి బిందెల మామ వచ్చాడు. వీధి మొదటి ఇంటి నుంచీ అలాగే ఒక్కో గడపా తొక్కుకుంటూ వస్తున్నాడని తరువాత తెలిసింది. ఒక ఇంట్లో సద్ది పెట్టబోయారట, ఒక ఇంట్లో తలుపేసుకున్నారట, చావింటి పక్కన గోలేమిటని ఒకరు మెడపట్టి నెట్టారట. మా వాకిట్లో నిలబడి, తమ్ముడి వైపు చూసి, నోరు తెరిచాడు. అమ్మ చూపు ఎత్తకుండానే "ఇప్పుడు కాదప్పా, ఏమీ వండలేదు" అంది. ఆయన అరచేత్తో తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడుసార్లు. పెదవి చిట్లింది. తిరిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు నా చేతిలో నీళ్ళ చెంబు ఉంది.

నాకు తెలిసిపోయింది. కాదు, ముందు నుంచీ తెలుసు. రెండు రోజులుగా కుండలో చెంబు ముంచిన ప్రతిసారీ ఆ మాట నా నోట్లో మెదులుతూనే ఉంది. కానీ ఎవరికి చెప్పాలి? నత్తి మనిషి మాట పట్టుకుని ఒక ఆడపిల్ల పెద్దవాళ్ళకు చెప్పడమా? చెబితే, ఆయన్ని వెక్కిరించినందుకే దేవుడు ఇలా చేశాడని నన్నే అంటారేమోనన్న భయం కూడా ఉంది. ఇన్నేళ్ళు ఆలోచించాక అనిపిస్తుంది, ఆయన నోరు ఇరుక్కుపోయింది నరాల్లో, నాది భయంలో.

దొడ్డిలో పొయ్యి ఊదుతున్న మా అవ్వ దగ్గరికి వెళ్ళి ఏడుస్తూ నిలబడ్డాను. మా నాయన తల్లి. తెల్లచీర, బోడిమెడ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. చదువు లేదు. ఏడుపు మధ్యలో ముక్కలు ముక్కలుగా చెప్పాను. కొడుతుందనుకున్నాను. ఆమె ఊదుగొట్టం కిందపెట్టి, "ఆ పొద్దు సేసినట్టు సెయ్యి. నవ్వించను కాదు, నిదానంగా సెయ్యి" అంది. చేశాను. మెడ సాచలేదు, కళ్ళు తేలేయలేదు. ఊరికే ఆ మాట, ఆయన అన్నట్టు, చివరిదాకా. పొయ్యి ముందర ఆ మాట అంటుంటే నవ్వు వచ్చే మాట అది ఎట్లా అయిందో నాకే అర్థం కాలేదు.

అవ్వ లేచింది. ఇంట్లోకి పోయి తాగే నీళ్ళ కుండను ఎత్తి దొడ్లో దిమ్మరించింది. బిందెల్లో ఉన్నవి, చెంబులో ఉన్నవి, అన్నీ పారబోసింది. అమ్మ నిర్ఘాంతపోయి చూస్తూ ఉంటే, "ఏటికి పోయి ఇసకలో చెలమ తోడి నీళ్ళు తీసకరా. పిల్లోడి దగ్గర నేనుంటా. పరిగెత్తు" అంది. అమ్మ ఎందుకని అడగలేదు. ఆ స్థితిలో ఎవరేది చెప్పినా చేసేటట్టుంది. అడిగింది దొడ్డి గుమ్మంలోంచి నా మాటలు విన్న నాయనే. "నత్తోడేందో అన్నాడని, పసిది ఎగతాళి సేసిందని, వీధి వీధంతా తాగే నీళ్ళు పారబోస్తావా?" అని అరిచాడు. అవ్వ పోయి తమ్ముడిని ఒళ్ళోకి తీసుకుంది. అమ్మ తిరిగి వచ్చేదాకా తమ్ముడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. వాడు ఏడవడం కూడా మానేశాడు. ఏడిస్తేనే బాగుండు అనుకున్నాను.

ఆ పొద్దున్నే వీధి పెద్దలు భజనగుడి ముందర కూడారు. గంగమ్మకు కోపం వచ్చిందని, పొంగళ్ళు పెట్టి చల్లబరచాలని సావుకారు అన్నాడు. అందరూ తలూపారు. నాయన కూడా అక్కడికే పోయాడు. ఆడవాళ్ళు అలాంటి కూటమిలోకి పోయేవాళ్ళు కాదు, విధవరాలు అసలే పోదు. అమ్మ నీళ్ళు తెచ్చి తమ్ముడి నోట్లో పోయడం మొదలుపెట్టగానే మా అవ్వ ఒక చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. దారిలో బావిగట్టు మీద తల పట్టుకుని కూర్చున్న బిందెల మామను "రా అప్పా" అని పిలిచింది. ఆయన రానన్నట్టు తల ఊపాడు. అవ్వ కదలకుండా అక్కడే నిలబడింది. చాలాసేపటికి ఆయన లేచాడు.

మమ్మల్ని చూసి కూటమి గొణిగింది. నాయన తల దించుకున్నాడు. అవ్వ చెంబును నడిమధ్యన నేల మీద పెట్టింది.

"పొంగళ్ళు పెడదాం సామీ, నేనొద్దనను. అంతకుముందు ఈయప్ప ఒక మాట సెప్తాడు. ఇది మన బాయి నీళ్ళ చెంబు. ఈయప్ప మాట పూర్తయ్యేదాకా మద్దిలో ఎవురు నోరు తెరిస్తే వాళ్ళు ఈ నీళ్ళు తాగాల. దినామూ తాగేవే గదా."

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు పక్కింటి అక్క భర్త ముఖం చూడగానే ఆగిపోయింది. ఆయన పొద్దున్నే బిడ్డను పూడ్చి వచ్చి, చేతుల మట్టి కూడా కడుక్కోకుండా ఒక మూల కూర్చుని ఉన్నాడు.

బిందెల మామ మొదలుపెట్టాడు. "నీ..." దగ్గర ఆగాడు. మెడ నరాలు లేచాయి. ఎవరో నాలుక కదిపినట్టు చప్పుడైంది. అవ్వ చెంబు వైపు చూసింది. చప్పుడు ఆగింది. ఆ తరువాత అంత నిశ్శబ్దాన్ని మా వీధి ఎన్నడూ ఎరగదు. మగ్గాలు లేవు, గాలి లేదు. ఒక మనిషి ఒక మాట కోసం తన ఒంటితో తను పెనుగులాడుతుంటే నలభై మంది చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. సాయం చేయాలనిపిస్తుంది. మనమే అనేసి ఆయన బాధ తీర్చాలనిపిస్తుంది. నిజానికి తీర్చుకునేది మన బాధ. నాకైతే ఆ వాక్యం మొత్తం తెలుసు, నోటి చివర ఉంది, అయినా పళ్ళు బిగించి నిలబడ్డాను. ఇంటి దగ్గర తమ్ముడు ఉన్నాడో లేడో తెలియదు. ఒక్కో అక్షరానికీ వాడి ఊపిరి ఒకటి తగ్గిపోతున్నట్టు ఉంది.

నీళ్ళు తాగొద్దన్నాడు. అది పూర్తయింది. బావిలో పడమటి వైపు రాళ్ళ సందుల్లోంచి నల్లటి మురికి దిగుతోందన్నాడు. అదీ పూర్తయింది. ఎక్కడిదో చెప్పబోయాడు. "సా... సా..."

"ఏమిరా, నా పేరెత్తుతా ఉండావు?" అంటూ సావుకారు లేచాడు.

అవ్వ వంగి చెంబు తీసి ఆయన ముందు పట్టుకుంది. ఆయన చెంబును చూశాడు, అందరినీ చూశాడు. "నేను బాయి నీళ్ళు తాగను. మా ఇంట్లో పంపు ఉండాది" అన్నాడు, గొంతు తగ్గించి.

"మా పిల్లోళ్ళకి యాడుండాది సామీ పంపు?" అంది అవ్వ. అందులో కోపం లేదు. నిజంగానే అడిగినట్టు అడిగింది. "కూసోండి. ఆయప్పను ముగించనీండి."

సావుకారు కూర్చున్నాడు. వీధిలో ఒకరు చెబితే ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. బిందెల మామ ముగించాడు. సావుకారు దొడ్లో ఆ వేసవిలో కొత్తగా తవ్వించిన పాయిఖానా గుంత బావికి పది అడుగుల్లో ఉందని, వానలకు అది నిండి, మట్టి నాని, బావిలోకి దారి చేసుకుందని, బిందె కోసం మునిగినప్పుడు తన చేతికే తగిలిందని. ఇంత చెప్పడానికి అరగంట పట్టింది. చెప్పాల్సింది అయిపోయిందని మేమనుకున్నాం. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. మూలన కూర్చున్న పక్కింటాయన వైపు తిరిగి, అన్నిటికంటే ఎక్కువ కష్టపడి, ఇంకొక మాట అన్నాడు.

"అన్నా... ఆ పొద్దు నాకు మాట రాలేదు."

ఆ తండ్రి మట్టి చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "నీకొచ్చింది నాయనా, మేమే నిలబడలేదు" అంది అవ్వ.

ఇద్దరు కుర్రవాళ్ళు నడుముకు తాళ్ళు కట్టుకుని బావిలో దిగారు. పైకి వచ్చాక చేతులు వాసన చూసుకుని పక్కకు పోయి వాంతి చేసుకున్నారు. అదే చాలింది. మధ్యాహ్నానికి బావి మీద ముళ్ళకంప పడింది. ఆడవాళ్ళంతా ఏటికి పరుగెత్తారు. సావుకారు తన ఇంటి పంపు వీధికి వదిలాడు, గుంత పూడ్పించాడు. ఆయనకు ముందే తెలుసా అన్నది నాకు ఈనాటికీ తెలియదు. తెలియదనే అనుకుంటాను. ఆయన దాకా ఏ మాటా నిండుగా పోయేది కాదు, అంతా ఆయనకు నచ్చేట్టు తెగి, కుదురుకుని పోయేది. అలా బతికే మనిషికి తన దొడ్లో ఏముందో కూడా తెలియకుండా పోతుంది.

తమ్ముడిని నాయన భుజాన వేసుకుని మధ్యాహ్నం ప్యాసింజరు బండికి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అమ్మ వెంట పోయింది. స్టేషనులో బండి కదిలేటప్పుడు తమ్ముడి తల నాయన భుజం మీద ఎటు ఊపితే అటు ఊగుతోంది. ఇక చూడననే అనుకున్నాను. పదకొండు రోజులు కబురు సరిగా లేదు. అవ్వ పక్కలో పడుకుని ఒకరోజు అడిగాను, ఆ రోజు ఎవరైనా నిజంగానే ఆ చెంబులో నీళ్ళు తాగేసి ఉంటే ఏమయ్యేదని. "ఏమవుతాది? అయ్యి ఏటి నీళ్ళే. మీ అమ్మ తెచ్చిన బిందెలోవే పట్టుకుపోయినాను" అంది. నేను నవ్వబోయాను, ఆమె నవ్వలేదు. "మాట వినను గూడా మనుసులకి బయం పెట్టాల్సొచ్చింది సూడు" అంది. ఆ గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

తమ్ముడు బతికి వచ్చాడు. పుల్లల్లాంటి కాళ్ళతో, నడక మళ్ళీ నేర్చుకోవాల్సిన స్థితిలో వచ్చాడు. వాడు వచ్చిన రోజు పక్కింటి అక్క చూడటానికి వచ్చింది. వాడి తల నిమిరింది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర నా ముందు ఆగి, చాలా మెల్లగా, కోపం లేకుండా అంది. "నువ్వు ఆ పొద్దు మా ఇంటికొచ్చి గూడా ఆ మాట సెప్పినావు గదమ్మా. మేమందరం ఇన్నాము. నవ్వుకున్నాము." ఆమె నన్ను తప్పుపట్టలేదు. తననే తప్పుపట్టుకుంది. నన్ను కొట్టి ఉంటే నాకు ఎంతో కొంత తేలికయ్యేది.

ఆ తరువాత నేను ఎవరినీ అనుకరించలేదు. పది రోజులు వీధిలో అందరూ బిందెల మామ నోరు విప్పితే ఆగి విన్నారు. పదకొండో రోజు మళ్ళీ మొదలైంది, "అన్నమా? లోపలికి పో" అని. మనుషులు అంత త్వరగా మరిచిపోతారని నాకు తెలియదు. ఆయన కూడా వాళ్ళను తప్పుపట్టలేదు. మా వాకిట్లోకి మాత్రం వచ్చి కూర్చునేవాడు. అవ్వ కండెలు చుట్టుకుంటూ ఉండేది, ఆయన ఒక్కో మాటా చెప్పుకుంటూ ఉండేవాడు. చాలావరకు పనికిరాని కబుర్లే. ఎవరి మేక ఈనింది, నూలుకు ఈసారి పురి సరిగా లేదు, ఇలాంటివి. కొన్నిసార్లు ఆయన చెప్పింది తప్పు కూడా. తప్పయితే అవ్వ అంతా విన్న తరువాత తప్పని చెప్పేది. నేను పక్కనే కూర్చుని వినడం నేర్చుకున్నాను. ఒక మనిషి మాట సరైనదని తెలిసి వినడం గొప్పేమీ కాదు. సరైనదో కాదో తెలియకుండానే చివరిదాకా ఆగడం, అది మా అవ్వ నేర్పింది.

పెద్దయ్యాక నేను అంగన్‌వాడీలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. సత్యవేడు వైపు పల్లెల్లో ఎన్ని మీటింగుల్లో కూర్చున్నానో లెక్కలేదు. పై నుంచి ఒకరు వస్తారు, మీ అభిప్రాయాలు చెప్పండంటారు, జనం నోరు తెరవగానే వాచీ చూసుకుంటారు. అప్పుడల్లా లేచి మాట్లాడానని చెప్పుకోను. చాలాసార్లు మాట్లాడలేదు. ఉద్యోగం పోతుందని, పక్కవాళ్ళు విసుక్కుంటారని, నాకెందుకులే అని ఊరుకున్నాను. ఊరుకున్న ప్రతిసారీ ఆ రాత్రికి నిద్ర ఉండదు. సగంలో తెగిన మాట ఏదైనా సరే, దాని మిగతా సగంలో ఎవరి బిడ్డ ఉందోనని భయం. ఇన్నేళ్ళొచ్చినా ఆ భయం తగ్గలేదు. తగ్గాలని కూడా ఇప్పుడు కోరుకోవడం లేదు.

మొన్న మా మండలంలో గ్రామసభ జరిగింది. కొత్త రోడ్డు కోసం వాన నీళ్ళు పారే వంకను మళ్ళిస్తారట. చివర్లో మేకలు కాసుకునే ఒక ముసలామె లేచింది. సగం అరవం, సగం తెలుగు, ఆయాసం. వంక పాత దారి ఏదో చేత్తో గాలిలో గీసి చూపిస్తోంది. వెనక నుంచి ఎవరో నవ్వారు. అధికారి మంచివాడే, కుర్రవాడు. "సరేమ్మా, అర్థమైంది, రాసుకుంటాం" అని రిజిస్టరు మూశాడు. ముందున్న కుర్చీ పట్టుకుని లేచాను.

"ఏమర్థమైంది నాయనా? మాక్కూడా చెప్పు" అని అడిగాను.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ముఖం ఎర్రబడింది. రిజిస్టరు మళ్ళీ తెరిచి, "చెప్పమ్మా, మొదటి నుంచి చెప్పు" అన్నాడు. ఆమె చెప్పినది సరైందో కాదో నాకు తెలియదు, అది తేల్చేంత చదువు నాకు లేదు. ఆమె మొదటి నుంచి చెప్పింది. ఎండ నెత్తికెక్కింది, ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ఆమె ముగించి కూర్చునేదాకా కూర్చున్నాం.